పిడుగుల వేళ గొంతుక్కూర్చోమని చెప్పడం ఆపుదాం

ఎండలు ముదిరేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక బొమ్మ తిరగడం మొదలవుతుంది. పొలం మధ్యలో ఒక మనిషి గొంతుక్కూర్చుని, తల మోకాళ్ల మధ్య దాచుకుని, రెండు చెవులూ మూసుకుని ఉంటాడు. పైన నల్లటి మబ్బు, అందులోంచి వంకరటింకరగా ఓ పసుపు గీత. కింద ‘పిడుగులు పడేటప్పుడు ఇలా కూర్చోండి’ అని పెద్దక్షరాలు. పోస్టర్ల మీదా ఇదే, బడిపిల్లల డ్రాయింగు పోటీల్లోనూ ఇదే.

ఆ భంగిమలో తప్పేం లేదు. ఎటూ పోలేని మనిషి చిట్టచివరగా చేసే పని అది. కానీ బొమ్మకు ‘చిట్టచివరగా’ అని చెప్పడం చేతకాదు. చూసినవాళ్లకు అందేది ఒకటే మాట: వాన ముంచుకొచ్చినా పొలంలోనే ఉండొచ్చు, కూర్చునే పద్ధతి తెలిస్తే చాలు. ఈ భరోసాయే ప్రాణం మీదికి తెస్తుంది. చెప్పాల్సింది కూర్చోమని కాదు, వెళ్లిపొమ్మని. అదీ ఉరుము నెత్తి మీదికి వచ్చాక కాదు, దూరంగా మొదటిసారి వినబడినప్పుడే.

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2019 నుంచి 2022 దాకా ఏ సంవత్సరం చూసినా పిడుగుపాటుకు పోయినవాళ్లు దేశం మొత్తమ్మీద 2,800 పైచిలుకే. ఎక్కువమంది పల్లెవాళ్లు, ఆరుబయట పనిలో ఉన్నవాళ్లు. అమెరికాలో 1940లలో ఏటా మూడు వందలమందికి పైగా పోయేవాళ్లు, ఈమధ్య సంవత్సరాల్లో ఆ సంఖ్య ఇరవై చుట్టూ ఉంటోంది. వాళ్లేమీ చక్కగా కూర్చోవడం నేర్చుకుని బతకలేదు. పొలాల్లో పనిచేసే జనం తగ్గారు, వైరింగూ పైపులూ ఉన్న గట్టి ఇళ్లు పెరిగాయి, చుట్టూ మూసిన కార్లు పెరిగాయి, వైద్యం బాగుపడింది. గొంతుక్కూర్చోమనే సలహాను అక్కడి జాతీయ వాతావరణ సేవా సంస్థ 2008లోనే పక్కన పెట్టేసింది. చెప్పుకోదగ్గ రక్షణ ఇవ్వదు కాబట్టి దాన్ని సిఫార్సు చేయబోమంది. ‘ఉరుము వినబడితే లోపలికి వెళ్లండి’ అన్న ఒక్క మాటనే పట్టుకుంది. మనం మాత్రం ఆ వదిలేసిన బొమ్మనే ఇంకా రంగులేసి పంచుతున్నాం.

రక్షణ ఎందుకివ్వదో అర్థం కావాలంటే పిడుగు కిందికి దిగే తీరు చూడాలి. మబ్బులోంచి బయల్దేరిన విద్యుదావేశం నేల వైపు ఒక్కసారిగా దూకదు. సుమారు యాభై మీటర్ల చొప్పున అంచెలంచెలుగా దిగుతుంది. కిలోమీటర్ల ఎత్తున ఉన్నంతసేపూ దానికి కింద ఏముందో పట్టదు. నేలకు యాభై నుంచి వంద మీటర్ల దూరానికి చేరాకే, కింద ఉన్నవాటిలోంచి పైకి లేచే చిన్న చిన్న విద్యుత్ పాయల్లో ఒకదానితో కలుస్తుంది. అప్పటికి ఆ చుట్టుపక్కల తాటిచెట్టు ఉంటే దానికి, లేకపోతే కరెంటు స్తంభానికి, అదీ లేకపోతే మనిషికి. ఐదున్నర అడుగుల మనిషి గొంతుక్కూర్చుంటే మూడడుగులకు దిగుతాడు. వంద మీటర్ల దూరం నుంచి వచ్చేదానికి ఆ రెండున్నర అడుగుల తేడా లెక్కలోకి రాదు. ఖాళీ పొలంలో నిలబడ్డా కూర్చున్నా మీరే ఎత్తైన వస్తువు.

పైగా నెత్తిమీద నేరుగా పిడుగు పడి చనిపోయేవాళ్లు చాలా తక్కువ. పిడుగు గాయాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ మేరీ ఆన్ కూపర్, వాతావరణ శాస్త్రవేత్త రాన్ హోల్ వేసిన అంచనాల ప్రకారం నేరుగా తగిలేవి నూటికి మూడు నుంచి ఐదు. చెట్టు మీదో స్తంభం మీదో పడి పక్కనున్న మనిషి మీదికి దూకేవి నూటికి ముప్పై దాకా. మనిషి ఒంట్లోంచి పైకి లేచిన విద్యుత్ పాయ వల్ల, అది మబ్బుతో కలవకపోయినా సరే, పదీ పదిహేను మధ్య. దాదాపు సగం మాత్రం నేలలోంచి వచ్చే కరెంటు వల్లే. అంటే ఎక్కడో పడిన పిడుగు నేల మీద పరుచుకుంటూ వచ్చి కాళ్లలోంచి ఎక్కుతుంది.

గొంతుక్కూర్చోవడం అన్నది నిజానికి ఈ చివరిదాని కోసం పుట్టిన ఉపాయం. ఇందులో అసలు సంగతి వంగడం కాదు, పాదాలు దగ్గరపెట్టుకోవడం. ఒక లెక్క చూడండి. మామూలు పిడుగులో కరెంటు 30,000 ఆంపియర్లు అనుకుందాం. నేల ఓ మోస్తరు తడిగా ఉందనుకుందాం, నిరోధకత, అంటే కరెంటును అడ్డుకునే గుణం, వంద ఓమ్-మీటర్లు. పిడుగు పడ్డ చోటుకు పది మీటర్ల దూరంలో నేల మీద మీటరు ఎడమున్న రెండు బిందువుల మధ్య దాదాపు 4,800 వోల్టుల తేడా ఉంటుంది. ఇరవై మీటర్ల దూరంలో అది 1,200కు, యాభై మీటర్ల దూరంలో 190కి పడిపోతుంది. దూరం రెట్టింపైతే వోల్టేజి నాలుగో వంతుకు దిగుతుందన్నమాట. పది మీటర్ల దగ్గర ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి, ముప్పావు మీటరు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి కాళ్ల మధ్య 3,600 వోల్టులు. పాదాలు ఆనించి కూర్చుంటే, పది సెంటీమీటర్ల ఎడం అనుకున్నా, 480. రాతి నేలలో, మొరం నేలలో నిరోధకత పదింతలు ఉండొచ్చు, అప్పుడు ఈ అంకెలన్నీ పదింతలవుతాయి. తడిసిన నల్లరేగడిలో బాగా తగ్గుతాయి.

గొడ్లు ఎందుకు ఎక్కువ చస్తాయో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఆవు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఒకటిన్నర మీటర్లు, ఆ దారిలోనే గుండె. 2016 ఆగస్టులో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మీద ఒక్క గాలివానలో 323 రెయిన్‌డీర్లు పడిపోయాయి. అన్నీ ఒకదానికొకటి ఆనుకుని గుంపుగా నిలబడి ఉన్నాయి. మన దగ్గర చెట్టు కింద ముడుచుకున్న గొర్రెల మంద మొత్తం ఒక్క దెబ్బకు పోవడానికీ కారణం ఇదే. ఒక్కో జీవం మీదా విడిగా పిడుగు పడనక్కర్లేదు.

ఇప్పుడు నాట్లు వేసే ఆడవాళ్లను చూడండి. వరసగా పదిమంది, నడుములు వంచి, మోకాళ్ల కింది దాకా బురదలో, చేతులు నీళ్లలో. ఒంగడమే రక్షణ అయితే వీళ్లకంటే ఒంగినవాళ్లెవరు? రెండు కాళ్లూ ఎడంగా, రెండు చేతులూ కిందికి, అంటే నేలను నాలుగు చోట్ల తాకుతున్నారు. ఒకరికొకరు రెండడుగుల దూరంలో ఉన్నారు. మడికి పది మీటర్లలో పిడుగు పడితే వరస మొత్తానికి తగలొచ్చు. వాళ్లకు మనం ఇచ్చే సలహా ‘ఇంకాస్త కిందికి కూర్చోండి’ అనా?

భంగిమ కన్నా పెద్ద లెక్క ఇంకొకటుంది. అది సమయం. పిడుగుల వాన ఒక చోట అరగంట నుంచి గంట దాకా ఉంటుంది. ఊరు ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఉందనుకుంటే నడిచినా పది నిమిషాలు, వేగంగా పోతే ఆరేడు. పొలంలో కూర్చుంటే ముప్పై నలభై నిమిషాలు ప్రమాదంలో ఉన్నట్టు, నడిస్తే పది. పరుగెత్తేటప్పుడు ఎక్కువ ప్రమాదం అన్న భయమూ వద్దు. పరుగులో ఒకసారి ఒక్క పాదమే నేల మీద ఉంటుంది, కాబట్టి రెండు పాదాల మధ్య వోల్టేజి అన్న గొడవే చాలావరకు ఉండదు. అదీగాక ఆ బొమ్మలోలా మునివేళ్ల మీద కూర్చుని నలభై నిమిషాలు ఎవరుంటారు? రెండు నిమిషాలకు తొడలు పట్టేస్తాయి, ఐదో నిమిషంలో చెయ్యి నేలకు ఆనుతుంది. చెయ్యి ఆనిందంటే చేతికీ కాలికీ మధ్య మీటరు దూరం, మధ్యలో గుండె. మొదలుపెట్టినప్పటికంటే అధ్వాన్నం. మనవాళ్లకు పాదం మొత్తం ఆనించి గొంతుక్కూర్చోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఇంకాస్త సేపు ఉండగలరు. అయినా అది కాలయాపనే.

మరి ఎప్పుడు కదలాలి? ఉరుము వినగానే ‘అర్జునా, ఫల్గుణా’ అనుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్నే గడియారంగా వాడుకోవచ్చు, కాకపోతే ఉరుముకు కాదు, మెరుపు కనబడగానే మొదలుపెట్టాలి. అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్స, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. పేరుకు సెకను చొప్పున పది పేర్లకు పది సెకన్లు. శబ్దం మూడు సెకన్లకు కిలోమీటరు నడుస్తుంది. కాబట్టి ధనంజయుడి దగ్గర ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల చిల్లర దూరంలో పడినట్టు. మూడుసార్లు పూర్తయ్యేలోపు, అంటే ముప్పై సెకన్లలోపు ఉరిమితే పది కిలోమీటర్ల లోపలే. పది కిలోమీటర్లంటే బోలెడు దూరం అనిపిస్తుంది, కానీ ఒకే మబ్బు నుంచి వెంటవెంటనే పడే రెండు పిడుగుల మధ్య పది కిలోమీటర్ల ఎడం ఉండటం వింతేమీ కాదు. వాన పడుతున్న చోటికి పది పదిహేను కిలోమీటర్ల అవతల, నెత్తిన నీలాకాశం ఉన్నచోట కూడా పడతాయి. అందుకే లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఉరుము చెవిన పడేది మహా అయితే పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి. వినబడిందంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే, చేతిలో పని చేతిలోనే వదిలేయాలి. తిరిగి బయటికి రావడం చివరి ఉరుము విన్న అరగంట తర్వాత. మధ్యలో మళ్లీ ఉరిమితే అరగంట మళ్లీ మొదటి నుంచి. వాన వెలిసిందని పది నిమిషాలకే బయటికి వచ్చేవాళ్లు చాలామంది. వెనకబడిన మబ్బు వాళ్ల కోసమే కాచుకుని ఉంటుంది.

ఒక్కోసారి ఆ మొదటి ఉరుము కూడా ఆలస్యమే. మబ్బు పక్క ఊళ్లో పుట్టి ఇటు రాకుండా మన నెత్తిమీదే పుట్టొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక, నేల కాగి, బంగాళాఖాతం నుంచి తేమగాలి లోపలికి వస్తున్నప్పుడు, మీద ద్రోణి కూడా ఉంటే గంటలోపలే పిడుగులు కురిపించే క్యుములోనింబస్ మేఘం లేచి నిలబడుతుంది. ముందు కాలీఫ్లవర్ పువ్వులా గుబురుగా తెల్లగా పైకి పెరుగుతుంది, తర్వాత పైభాగం పక్కలకు పలకలా పరుచుకుంటుంది, అడుగు నల్లబడుతుంది. ఉన్నట్టుండి చల్లగాలి తగిలిందంటే వాన ఎక్కడో పడుతున్నట్టు. ఆ పలక కనబడినప్పుడే కదిలినవాడికి కంగారు ఉండదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అలాంటి రోజు పొద్దున్నే హెచ్చరిక వస్తుంది. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా సందేశాలు పంపుతుంది. పుణేలోని ఉష్ణదేశ వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మీ చుట్టూ ఇరవై నుంచి నలభై కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. యాప్ ఉన్న ఫోను మేస్త్రీ జేబులో ఉంటే సరి, పదిమందికీ ఉండక్కర్లేదు. కాకపోతే చాలా పొలాల్లో సిగ్నల్ ఉండదు. కళ్లూ చెవులే నమ్మకం.

ఎక్కడికి వెళ్లాలన్నది ముందే తేల్చుకోవాలి, ఉరుము విన్నాక వెతుక్కునేది కాదు. పొద్దున పనిలోకి దిగేటప్పుడే ‘మబ్బేస్తే ఎటు?’ అని అందరికీ తెలిసి ఉండాలి. ఈ విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, పైకప్పు కనబడితే చాలు రక్షణ అనుకోవడం. తడవకుండా కాపాడేది వేరు, పిడుగు నుంచి కాపాడేది వేరు. స్లాబు ఇల్లు, బడి, పంచాయతీ భవనం లాంటివి మంచివి. గోడల్లో, స్లాబులో ఉన్న ఇనుము, వైరింగు, నీళ్ల పైపులు పిడుగు కరెంటుకు నేలలోకి దారి ఇస్తాయి, లోపలి మనిషి ఆ దారిలో ఉండడు. పూరి గుడిసెకు అలాంటి దారే లేదు. తడిసిన తాటాకు మీద పడ్డ పిడుగుకు నేలదాకా దొరికే దారి లోపలి మనుషులే. 1975లో ఇప్పటి జింబాబ్వేలో ఒక గుడిసె మీద పడిన ఒకే ఒక్క పిడుగుకు లోపల తలదాచుకున్న 21 మంది చనిపోయారు. ఒక్క పిడుగు నేరుగా ఇంతమందిని బలి తీసుకోవడం ప్రపంచ వాతావరణ సంస్థ నమోదు చేసిన వాటిలో ఇదే అత్యధికం.

మంచె కూడా అంతే, పైగా ఎత్తు. చుట్టూ గోడల్లేని బస్సు షెల్టరు, రాతి మండపం, టార్పాలిన్ పందిరి, పని జరిగే చోట నీడకు కట్టిన గుడ్డ, వీటిలో ఏదీ పనికిరాదు. గోపురం మీది కలశం పిడుగును లాగేసుకుని ఊరిని కాపాడుతుందని ఒక మాట తిరుగుతుంటుంది. కలశం నుంచి నేలలోకి మందపాటి రాగి పట్టీ దిగి ఉంటే సరే, లేకపోతే రాయి పగులుతుంది, కింద ఉన్నవాళ్లకు తగులుతుంది. బోరు దగ్గరి మోటారు షెడ్డు ఇంకో ఉచ్చు. నాలుగు గోడలూ పైన రేకూ ఉంటాయి కాబట్టి అందరూ అందులోకే దూరతారు. లోపల స్టార్టరు పెట్టె, కరెంటు లైను, నేలలోకి దిగిన బోరు పైపు అన్నీ మూరెడు దూరంలో. లైను మీద ఎక్కడో పడిన పిడుగు అక్కడికే వస్తుంది.

బండ్ల సంగతి. నాలుగు పక్కలా ఇనుము, పైన ఇనుప కప్పు, అద్దాలు మూసిన కారు, బస్సు, లారీ క్యాబిన్, క్యాబిన్ ఉన్న వరికోత మిషను మంచి చోట్లు. కాపాడేది టైర్ల రబ్బరు కాదు, చుట్టూ ఉన్న ఇనుప తొడుగు. కరెంటు దాని మీది నుంచే జారి నేలలోకి పోతుంది. లోపల ఇనుమును ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంటే చాలు. గుడ్డ టాపు ఆటో, టాపు లేని ట్రాక్టరు, మోటారు సైకిలు, కూలీలను నిలబెట్టి తీసుకెళ్లే ట్రాలీ, ఇవన్నీ ఆరుబయట కిందే లెక్క. రబ్బరు చెప్పులదీ ఇదే కథ. కిలోమీటర్ల మందం గాలిని చీల్చుకుని వచ్చినదాన్ని అరంగుళం రబ్బరు ఆపదు. పలుగూ పారా చేతిలో ఉన్నంత మాత్రాన పిడుగు వాటిని వెతుక్కుంటూ రాదు, భుజాన నిలువుగా ఎత్తిపట్టుకుంటే ఎత్తు పెరుగుతుంది, అంతే. సెల్‌ఫోను మాట్లాడితే పడుతుందన్నదీ నిజం కాదు. ఛార్జరు తీగ తగిలించి మాట్లాడితే మాత్రం ఆ తీగ ప్రమాదం.

ఇంట్లోకి వచ్చేశాక కూడా వసారాలో కుర్చీ వేసుకుని వాన చూడటం కుదరదు. కిటికీ ఊచలు, ఇనుప గేటు, కుళాయి, ప్లగ్గులో ఉన్న ఏ వస్తువూ ముట్టుకోవద్దు. స్నానం, గిన్నెలు తోమడం తర్వాత. టీవీ ప్లగ్గు, కేబుల్ తీగ పీకాల్సింది వాన రాకముందే. ఉరుములు మొదలయ్యాక వాటి దగ్గరికి పోవడమే తప్పు.

చెట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. చెట్టు మీద పడ్డ పిడుగుకు కాండం కంటే పక్కనున్న మనిషి ఒళ్లు తేలికైన దారి. రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నా తల మీదికో భుజం మీదికో దూకుతుంది. దూకకపోయినా వేళ్ల వెంట నేలలోకి దిగి కాళ్లకు తగులుతుంది. ఒంటరి వేపచెట్టు, గట్టు మీది తాటిచెట్లు, చెరువు కట్ట మీది మర్రి, వీటికి ఎంత దూరం ఉంటే అంత మంచిది. పిడుగులను తాటిచెట్ల మీదికి మళ్లించాలని బంగ్లాదేశ్‌లో లక్షలాది తాటిమొక్కలు నాటించి, చివరికి 2022లో ఆ పథకాన్ని వదులుకున్నారు. తాటి ఎదగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఎదిగినా దాని కింద నిలబడితే చావే. ఆ డబ్బు గట్టి షెడ్ల మీద పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఇన్ని తెలిసినా మనుషులు పొలంలోనే ఎందుకు ఉండిపోతారు? తెలియక కాదు. రబీ కోతలైపోయి కల్లంలో ధాన్యం ఆరబోసి ఉంటుంది. మబ్బేసిందంటే ఊళ్లో ఉన్న రైతు కూడా పొలానికి పరుగెడతాడు, పట్టాలు కప్పడానికి. పిడుగులు మొదలయ్యే అదే పావుగంటలో అతను ఖాళీ కల్లంలో నిలబడి ఎగిరిపోతున్న టార్పాలిన్ అంచు పట్టుకుని ఉంటాడు. రాలిన మామిడికాయలు ఏరుకోవడానికి పిల్లలు తోటకు పోయేదీ అప్పుడే. కట్టేసిన గేదెను విప్పుకు రావడానికి పోయేదీ అప్పుడే. నాట్లు గుత్తకు ఒప్పుకున్న ముఠా మడి సగంలో ఆపితే రేపు మళ్లీ రావాలి, రేపటి ఇంకో పని పోతుంది. రోజుకూలికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం మూడింటికే గట్టెక్కితే కూలి కోస్తారేమోనన్న బెంగ. ‘పక్కూళ్లో కదా ఉరుముతోంది, ఈ రెండు వరసలూ వేసేయండే’ అని గట్టు మీది నుంచి ఒక మాట పడితే ఎవరూ కదలరు.

కాబట్టి పోస్టరు చూడాల్సింది కూలీ కాదు, రైతూ మేస్త్రీ. మబ్బు వల్ల పని ఆగితే ఆ పూట కూలి పూర్తిగా ఇస్తామన్నది పొద్దున్నే చెప్పాలి. ముఠాలో ఒకరికి ‘లేవండి’ అనే అధికారం ఇవ్వాలి, ఆ మాట మీద బేరాలుండకూడదు. హెచ్చరిక ఉన్న రోజున ధాన్యం మధ్యాహ్నం పన్నెండుకే కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద ఇసుక మూటలు పెట్టేసి రావాలి. ఒక పూట ఎండ పోతుంది, ధాన్యంలో తేమ శాతం కాస్త ఎక్కువే ఉండిపోతుంది. నష్టమే. అయినా ఆ నష్టం ఎంతో లెక్కకట్టుకోవచ్చు. గేదెలను మూడింటికల్లా కొట్టంలో కట్టేయాలి.

ఇవన్నీ చేసినా ఎక్కడో ఒకరిద్దరు చిక్కుకుపోతారు. గొర్రెల కాపరి ఊరికి నాలుగైదు కిలోమీటర్ల అవతల గుట్ట మీద ఉంటాడు, అతను పది నిమిషాల్లో ఎక్కడికీ చేరలేడు. అతనికి గొంతుక్కూర్చోవడం పనికొస్తుంది. ముందు గుట్ట దిగాలి, మందను విడిచి, ఒంటరి చెట్టుకూ తీగ కంచెకూ కాలువకూ దూరంగా, పల్లంగా ఉండి నీళ్లు నిలవని చోటికి రావాలి. మడమలు ఒకదానికొకటి ఆనించి, పాదాలు కలిపి గొంతుక్కూర్చోవాలి. తల వంచాలి. చేతులు మోకాళ్ల మీదో చెవుల మీదో ఉండాలి, నేలకు మాత్రం ఆనకూడదు. చెవులు మూసుకునేది ఉరుము మోతకు కర్ణభేరి పగలకుండా. పొరపాటున కూడా పడుకోకూడదు. పడుకున్న మనిషి తలకూ కాళ్లకూ మధ్య ఐదున్నర అడుగుల వోల్టేజి తీసుకుంటాడు. ఇద్దరు ముగ్గురుంటే పదిహేను ఇరవై మీటర్ల ఎడంగా విడిపోవాలి. భయంతో చేతులు పట్టుకుని కూర్చుంటే ఒకరికి తగిలింది అందరికీ తగులుతుంది, అప్పుడు లేపేవాడు మిగలడు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, చర్మం చిమచిమలాడినా, దగ్గర్లో ఇనుము సన్నగా బుసకొట్టినా పిడుగు ఆ క్షణాన అక్కడే పడబోతోందని అర్థం, అప్పుడు ఉన్నచోటే ఇలా కూర్చోవాలి. చాలామందికి ఆ సూచనేమీ అందదు. మెరుపుల మధ్య కాస్త తెరిపి దొరికితే లేచి నడక సాగించాలి, మొత్తం వాన అక్కడే గడపకూడదు.

ఎవరికైనా తగిలితే వెంటనే పట్టుకోవచ్చు. పిడుగు తగిలిన ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, ముట్టుకుంటే మనకు కొడుతుందన్నది భ్రమ. ఈ భ్రమ వల్ల దూరంగా నిలబడి చూస్తూ విలువైన ఐదు నిమిషాలు పోగొట్టిన సందర్భాలు ఊరూరా ఉన్నాయి. నలుగురు పడితే, మూలుగుతున్నవాళ్లను కాదు, కదలకుండా పడి ఉన్నవాళ్లను ముందు చూడాలి. మామూలు ప్రమాదాల పద్ధతికి ఇది తలకిందులు. మూలుగుతున్నవాళ్లు దాదాపు ఎప్పుడూ బతుకుతారు. చచ్చిపోయాడనిపించే మనిషి గుండె ఆగి ఉంటుంది. చాలాసార్లు గుండె తనంతట తానే మళ్లీ మొదలవుతుంది కానీ ఊపిరి మొదలవదు, ఊపిరి అందక గుండె రెండోసారి ఆగుతుంది. అందుకే ఇక్కడ ఊపిరి ఊదడం ముఖ్యం. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు రొమ్ము మధ్య రెండు చేతులూ పెట్టి ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. చోటు ప్రమాదంగా ఉంటే ముందు పక్కకు ఈడ్చుకుపోవచ్చు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఝార్ఖండ్ పల్లెల్లో దెబ్బతిన్న మనిషిని మెడదాకా పేడలో పాతిపెట్టే అలవాటు ఉంది. ఊపిరి ఊదాల్సిన నిమిషాలన్నీ ఆ పేడలోనే పోతాయి.

ఇక ఊరి నుంచి ఎవరూ పదిహేను నిమిషాల్లో చేరలేని పొలాల మధ్య షెడ్డు కట్టించడం మిగిలింది. ఇది పెద్ద ఇంజినీరింగేమీ కాదు. అరమిల్లీమీటరుకు తగ్గని ఇనుప రేకు కప్పు, నాలుగు మూలలా ఇనుప స్తంభాలు, రేకుకూ స్తంభానికీ మధ్య వెల్డింగో బోల్టో గట్టిగా ఉండాలి, కర్ర ముక్కలు అడ్డం రాకూడదు. నాలుగు స్తంభాలనూ కలుపుతూ షెడ్డు చుట్టూ అర మీటరు లోతున గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ పాతాలి. పక్కలు తెరిచి వదలకుండా గోడ బదులు ఇనుప మెష్ కట్టినా చాలు, అదీ స్తంభాలకు అతకాలి. లోపల నేల మీద పదిహేను సెంటీమీటర్ల మందాన కంకర, లేదా ఐదు సెంటీమీటర్ల తారు పొర. అంతర్జాతీయ పిడుగు రక్షణ ప్రమాణాల్లో ఉన్న కొలతలే ఇవి. కంకరలో మట్టి నిండిపోతే పని చేయదు, కాబట్టి ఏటా వేసవికి ముందు ఒకసారి తవ్వి కడగాలి. పట్టీ అతుకులు తుప్పు పట్టాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. జనం మధ్యలో కూర్చోవాలి, స్తంభానికి ఆనుకోకూడదు. కరెంటు కనెక్షను అసలు వద్దు. లైటు కోసం లైను లాగితే ఇది ఇంకో మోటారు షెడ్డు అవుతుంది. అంత ఖర్చు కుదరకపోతే పాత లారీ కంటైనర్ పెట్టె ఒకటి తెచ్చి, రెండు మూలల నుంచి పట్టీ దింపి, లోపల చెక్క పరిచినా సరిపోతుంది.